నీరటి కాటయ్య హాజరు

మా నీటిపారుదల ఆఫీసు మొత్తంలో లంచం తిన్నాడని ఎవరూ వేలెత్తి చూపలేని ఉద్యోగి ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు నీరటి కాటయ్య. ఏడువందల ఏళ్ల పాటు ఆయన డ్యూటీకి రాలేదు.

నవ్వకండి. ఆయన రాకపోవడం వల్లనే మా బాచవరం ఇంకా భూమ్మీద ఉంది. సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తాను, తెలిసినవాళ్లు ఈలోగా పోయి ఓ చాయ్ తాగి రండి.

మా ఊరికి ఎగువన బాచసముద్రం అనే చెరువుంది. పేరుకే చెరువు. అవతలి గట్టున నిలబడ్డ బర్రె ఇవతలివాళ్లకు మేకపిల్లంత కనిపిస్తుంది. రాజుల కాలంలో దాని తూము ఎత్తడం, దించడం, కట్టను కనిపెట్టుకుని ఉండడం నీరటి కాటయ్య పని. ఒక వానాకాలం చెరువు నిండుగా ఉన్న వేళ, కట్ట మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ఆయనకు ఎదురైంది. చూస్తే కట్టను కాచే దేవత, సాక్షాత్తూ కట్ట మైసమ్మ. "కాటా, ఈడ ఉండి ఉండి యాష్టకొచ్చింది. పోతున్న" అంది. అమ్మ పోతే కట్ట పోతుంది, కట్ట పోతే ఊరు పోతుంది. కాటయ్య ఆమె కాళ్ల మీద పడి, "రాజుగారికి ఒక్క మాట చెప్పొస్త తల్లీ. నేనొచ్చేదాక కదలకు" అని మాట తీసుకున్నాడు. పరుగున కోటకు పోయి సంగతి చెప్పాడు. చెప్పి, మెడ వంచాడు. "నేను వాపసు పోతేనే గద దొరా అమ్మ పోయేది. నన్ను పోనియ్యకు" అన్నాడు. రాజు ఆయన తల తీయించాడు. అమ్మ ఎదురుచూస్తూనే ఉండిపోయింది.

అందుకని మా ఊళ్లో ఓ ఆచారం. నాట్లకు తూము ఎత్తే ముందు, తూము కాపలా చూసే లష్కరు కట్ట మీద నిలబడి "నీరటి కాటయ్య వచ్చిండా?" అని గొంతు చించుకునేవాడు. కింద పొలాల్లో నిలబడ్డవాళ్లంతా "రాలే! ఇంకా రాలే!" అని అరిచేవారు. అమ్మ చెవిన పడాలని. తూము సర్కారు చేతికి వచ్చిన రోజున ఈ కేక కూడా సర్కారు చేతికే వచ్చింది. సర్కారు కేకలు వేయదు, రాసుకుంటుంది. అట్లా మా ఆఫీసు హాజరుపట్టీలో మొదటి పేరు నీరటి కాటయ్య అయింది, ఆ పేరుకు ఎదురుగా రోజూ 'రాలేదు' అని పడుతూ వచ్చింది. ఎందరో ఆఫీసర్లు వచ్చారు, పోయారు. ఆ గడి జోలికి ఎవరూ పోలేదు.

నా పేరు అంబదాసు. ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటును. నా ఇల్లు కట్ట కింది బజారులో ఉంది. మా వంటింటి కిటికీలోంచి చెయ్యి చాస్తే చెరువు కట్ట మీది గడ్డి అందుతుంది. ఆ గడ్డి మీదుగా వచ్చే గాలి అంటే నా భార్య భూలక్ష్మికి ప్రాణం. కట్టకు ఏమన్నా అయితే ముందు పోయేది మా బజారే. కాబట్టి కాటయ్య రాకపోవడం మీద నాకు ఎంత గౌరవమో మీరే ఊహించుకోండి.

ఇంతలో మా ఆఫీసుకు పెద్దగా డి.ఈ. త్రివిక్రమరావు గారు బదిలీ మీద మా నెత్తిన పడ్డారు. ఆయన వెనకాలే సంపూర్ణ హాజరు పక్షోత్సవాలు వచ్చాయి.

అవేమిటంటే, రాష్ట్రంలోని ప్రతి ఆఫీసులోనూ ఉద్యోగులు నూటికి నూరు మందీ ఫోనులో ముఖం చూపించి హాజరు వేయించుకోవాలి. పని చేశారా లేదా అన్నది వేరే పక్షోత్సవాల్లో చూస్తారట. నూటికి నూరు వచ్చిన ఆఫీసుకు శాలువా, రాని ఆఫీసుకు సంజాయిషీ. పాత పట్టీలోని పేర్లన్నీ యాప్‌లోకి ఎక్కించారు. మేమంతా పొద్దున్నే ముఖాలు కడుక్కుని చూపించినా మా ఆఫీసుకు నూరు రావడం లేదు. మొదటి పేరు దగ్గర ఎర్రచుక్క మండుతోంది.

"అంబదాసు గారూ, ఇట్టి కాటయ్య అను వ్యక్తి విధులకు గైర్హాజరు కావడానికి గల కారణమేమి?" అని అడిగారు డి.ఈ. గారు.

"తల తీసిన్రు సార్."

"ఎవరు?"

"రాజుగారు."

"ఏ శాఖ?"

నేను కథంతా చెప్పాను. ఆయన ఫోనులో ఎర్రచుక్కను చూసుకుంటూ విన్నారు. అంటే వినలేదు. "మరణించినచో పేరు తొలగించుటకు మరణ ధ్రువపత్రం జతపరచవలెను" అని తేల్చారు.

దాని కోసం మున్సిపల్ ఆఫీసుకు పోయాను. చావు కోటలో జరిగింది కాబట్టి పురావస్తువాళ్ల దగ్గరకు పొమ్మన్నారు. పురావస్తువాళ్లు తమ పరిధి రాళ్ల వరకేనని, మనుషులు తమకు రారని దండం పెట్టారు. తిరిగొచ్చి ఈ ముక్క చెప్తే త్రివిక్రమరావు గారి ముఖం వెలిగిపోయింది.

"అనగా ఇతను మరణించినట్లు ఎట్టి ఆధారమూ లేదు. మరణించినట్లు ఆధారం లేని ఉద్యోగి జీవించి ఉన్నట్లే పరిగణించబడును. జీవించి ఉన్న ఉద్యోగి విధులకు హాజరు కావలెను. తక్షణమే నోటీసు ఇవ్వండి."

"సార్, ఆయనొస్తే చెరువు తెగుతది."

"మూఢనమ్మకములకు యాప్‌లో కాలమ్ లేదు, అంబదాసు గారూ."

నోటీసు తూము రాయికి అంటించాం. అది చాలదని డప్పు కూడా వేయించారు. 'నీరటి కాటయ్య అను ఉద్యోగి వెంటనే విధుల్లో చేరవలెను, లేనిచో కఠిన చర్యలు గైకొనబడును' అని మా అటెండరు జహంగీరు కట్ట పొడుగునా చాటాడు. ఊరంతా వణికిపోయింది. రైతులు గుంపుగా వచ్చి మొత్తుకున్నారు. "తమరి విన్నపము పరిశీలనలో ఉన్నది" అని వాళ్లను పంపించేశారు డి.ఈ. గారు. ఆ రోజు ఇంటికి పోతే భూలక్ష్మి నాకు అన్నం పెట్టలేదు. "చచ్చి మనల్ని బతికిచ్చినోనికి నోటీసిస్తరా? ఏం పుట్టిందయ్యా మీకు?" అంది.

సోమవారం ఆఫీసు తెరిచేసరికి వరండాలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మోకాళ్ల పైకి ముతక పంచె, ఒంటి నిండా చెరువు మట్టి. మెడ పైన ఏమీ లేదు. తల చంకలో ఉంది, తలపాగా చుట్టి, జాగ్రత్తగా.

"దండాలు సారూ," అంది తల. "సర్కారు పిలుపు ఇనవడ్డది. నేను నీరటి కాటయ్యను."

జహంగీరు చాయ్ గ్లాసులు జారవిడిచాడు. కాటయ్య మాత్రం మాకంటే ఎక్కువ వణికిపోతున్నాడు. "సారూ, రాజు తల ఇయ్యమన్నడు, ఇచ్చిన. సర్కారు రమ్మన్నది, వచ్చిన. మాట కాదనుడు నాకు రాదు. కని నేనొచ్చిన ముచ్చట అమ్మకు తెలిస్తె ఊరు మునుగుతది. జర మీ దొరకు చెప్పి నన్ను మళ్ల పంపియ్యున్రి. మీ కాల్మొక్త" అన్నాడు. ఆ చంకలోని కళ్లల్లో నీళ్లు తిరగడం చూసి లోపలికి పరుగెత్తాను.

త్రివిక్రమరావు గారు బయటికొచ్చి కాటయ్యను కింది నుంచి మీదికి, అక్కడి నుంచి చంకలోకి చూశారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం ఉంటుందేమోనని వెతికాను. ఆనందం తప్ప ఏమీ దొరకలేదు.

"ఆలస్యంగా వచ్చారు. అయినను వచ్చారు. ముందు హాజరు వేయించండి."

"సార్, తల..." అన్నాను.

"నియామక నిబంధనలలో తల యథాస్థానంలో ఉండవలెనని ఎక్కడనూ లేదు."

అది నిజమే. నేను తర్వాత చూశాను, ఎక్కడా లేదు.

ఫోను కాటయ్య ముందు పెట్టాం. 'ముఖం వలయంలో లేదు' అంది యాప్. "తలను పైకెత్తి పట్టుకొనుడు" అన్నారు డి.ఈ. గారు. జహంగీరు సాయం పట్టబోతే, "ఇతరులు పట్టుకొనరాదు, అది అక్రమ హాజరు కిందకు వచ్చును" అని కసిరారు. కాటయ్య రెండు చేతులతో తన తలను తానే ఎత్తి పట్టుకున్నాడు. కుడికి తిప్పమంది, కుండను తిప్పినట్టు తిప్పాడు. ఎడమకు తిప్పమంది, తిప్పాడు. కళ్లు ఆర్పమంది, కన్నీళ్లతోనే ఆర్పాడు. ఫోనులోంచి ఓ ఆడగొంతు తీయగా, "స్వాగతం, కాటయ్య. మీ హాజరు నమోదైంది" అంది.

ఎర్రచుక్క పచ్చబడింది. నూటికి నూరు. త్రివిక్రమరావు గారు జహంగీరును లడ్డూలకు పంపి, ఫోటో తీసి పైకి పంపి, కాటయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, ఏడువందల ఏళ్ల గైర్హాజరుకు సంజాయిషీ ఎందుకు కోరకూడదో తెలపమని సంజాయిషీ కోరారు. ఒక పక్కన పైనుంచి అభినందనలు టింగుటింగుమని మోగుతున్నాయి.

ఆ టింగులాట మధ్యలో వరండా తడిసింది.

వాన లేదు, కుళాయి విప్పలేదు. గడప మీదుగా చెరువు వాసన కొట్టే నీళ్లు సన్నగా లోపలికి వస్తున్నాయి. వాటి వెనకాల ఒక ఆడమనిషి వచ్చింది. పసుపు ముఖం, రూపాయి బిళ్లంత బొట్టు, విరబోసిన జుట్టు, తడి చీర. మా లెక్కల గుమాస్తా లేచి నిలబడి చేతులు జోడించాడు. ఆయన కలెక్టరు వచ్చినా లేవడు.

ఆమె మమ్మల్నెవరినీ చూడలేదు. బల్ల కింద దూరబోతున్న కాటయ్యను చూసింది. "ఇంతసేపా రా, కాటా?" అంది.

ఆ ఒక్క మాటకు నా గుండె నీరైపోయింది. కోపంగా అన్నా భరించేవాణ్ని. ఎక్కడికో పోయి పొద్దుపోయి వచ్చిన బిడ్డను అడిగినట్టు అడిగింది.

"తప్పయింది తల్లీ," అన్నాడు కాటయ్య. తలను నేలకు ఆనించి మొక్కాడు.

"వచ్చినవ్ గద. నేను మాట నిలవెట్టుకున్న. ఇగ పోత," అందామె.

నా ఫోను మోగింది. లష్కరు రాయమల్లు. "అంబదాసు సారూ, తూము పక్కపొంటి నీళ్లు బుగ్గలు కొడుతున్నయ్! కట్ట బీటలిస్తున్నది! జల్ది ఏమన్న జెయ్యున్రి!" అది పెట్టేశానో లేదో భూలక్ష్మి ఫోను. "మన వంటింట్ల నీళ్లు ఊరుతున్నయయ్యా. బండల సందుల్ల నుంచి వస్తున్నయ్. పొయ్యి ఆరింది." గొంతు వణుకుతోంది. భూలక్ష్మి గొంతు వణకడం పెళ్లయిన తర్వాత అదే మొదలు వినడం.

నేను డి.ఈ. గారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. "సార్, ఆ హాజరు కొట్టేయున్రి. రాలేదని రాద్దాం. మీ చేతిలో పని."

"నమోదైన హాజరు రద్దు చేయు అవకాశం యాప్‌లో లేదు. ఉన్ననూ చేయను. శాలువా మంజూరైంది."

"మళ్ల తల తీయున్రి సారూ!" అని కాటయ్య మొత్తుకున్నాడు. మొత్తుకుని, చేతిలోని తలను చూసుకుని, ఆ దారి మూసుకుపోయిందని తానే గ్రహించి కూలబడ్డాడు. "నాతోని అయ్యేది లేదు. ఇంకోడెవడన్న అమ్మను ఆగుమని మాట అడగాలె. అడిగినోడు మళ్ల రావద్దు" అన్నాడు.

మేమంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లెక్కల గుమాస్తాకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. నాకు భూలక్ష్మి గుర్తొచ్చింది, కిటికీ గుర్తొచ్చింది. నోరు తెరిచాను. తెరిచానే గాని మాట బయటికి రాలేదు. ఇల్లు మిగిలి నేను ఆ ఇంటికి ఎన్నడూ పోలేకపోవడం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. అయినా అడిగేవాణ్నే అనుకుంటాను. ఆ అవకాశం త్రివిక్రమరావు గారు నాకు ఇవ్వలేదు.

ఆయన అభినందనలు చదువుకోవడం ముగించి తల ఎత్తారు. కాటయ్య చెప్పినదాంట్లో ఒక్క ముక్క ఆయన చెవిన పడలేదు.

"ఏమమ్మా, చెరువు ఖాళీ చేయుచున్నారని తెలిసినది. నీటి విడుదల ఈ కార్యాలయ పరిధిలోని అంశం కాదు. నేను స్వయముగా ప్రధాన కార్యాలయమునకు వెళ్లి, తగు ఉత్తర్వులు పొంది, తిరిగి వచ్చువరకు తమరు ఎచ్చటికీ కదలరాదు."

లెక్కల గుమాస్తా దగ్గు టక్కున ఆగింది.

"నువ్వొచ్చేదాక ఆగాల్నా?" అందామె.

"ఆగవలెను."

"మాటేనా?"

"ముమ్మాటికీ."

ఆమె కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. విసుగో జాలో నాకు అర్థం కాలేదు. "సరే, పోయిరా," అని వెనక్కి తిరిగింది. ఆమెతో పాటే నీళ్లు గడప దాటి వెళ్లిపోయాయి. రాయమల్లు ఫోను చేసి, బుగ్గలు ఆగినయని ఏడుస్తూ చెప్పాడు.

కాటయ్య నా చెయ్యి పట్టుకున్నాడు. "మాట అడిగిండు! మీ దొర మాట అడిగిండు!" అని చంకలో తల పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇగ ఆయనను వాపసు రానియ్యొద్దు" అంది. మేమంతా కలిసి త్రివిక్రమరావు గారి మెడ వైపు చూశాం. దిట్టమైన మెడ, కాలరు గుండీ పెట్టుకుని ఉన్నారు. రాజుల కాలమైతే పని తేలిక. మాది ప్రజాస్వామ్యం, కాబట్టి జీపు ఎక్కించి, చేతులూపి సాగనంపాం.

మూడు గంటలకు ఆయన ఫోను. "ఉత్తర్వులు చేతికి అందబోవుచున్నవి. సాయంత్రమునకు బయలుదేరెదను."

ఆఫీసులో పీనుగ లేచినట్టయింది. ఒకరు జీపు టైర్లలో గాలి తీయించాలన్నారు, ఒకరు రోడ్డుకు అడ్డంగా చెట్టు కొట్టాలన్నారు. అప్పటికి భూలక్ష్మి, బజారు ఆడవాళ్లు అందరూ చీరలు ఎగదోపుకుని, బురద కాళ్లతో ఆఫీసుకు వచ్చేశారు. మా గోల విని భూలక్ష్మి నా ముందు కాగితం పెట్టింది. "టైర్లతోని ఆగే మనిషా ఆయన? పొగుడు. హెడ్డాఫీసుల పెద్దసారుకు రాయి. ఇసొంటి రత్నం మా ఊళ్లె ఉండొద్దని రాయి."

రాశాను. శ్రీయుత త్రివిక్రమరావు గారి కార్యదీక్ష ముందు మా ఊరు చిన్నబోతోందని, ఏడువందల ఏళ్లుగా రాని మనిషిని రప్పించిన మహానుభావుణ్ని ఒక చెరువుకు కట్టేయడం రాష్ట్రానికే అన్యాయమని, దయచేసి ఆయనను తమ దగ్గరే ఉంచుకోవాలని. "ఇంకా పొగుడు" అంది భూలక్ష్మి. ఇంకా పొగిడాను. బజారంతా సంతకాలు పెట్టింది. నా ఉద్యోగం మొత్తంలో ఒక్క అబద్ధమూ లేకుండా రాసిన కాగితం అదే. అప్పటికప్పుడు పెద్దసారు ఫోనుకు పంపించాం.

పొద్దుగూకుతుండగా త్రివిక్రమరావు గారి ఫోను వచ్చింది. "అంబదాసు గారూ, నన్ను రాష్ట్ర హాజరు సమన్వయాధికారిగా ఇచ్చటనే నియమించినారు. ఇక అచ్చటికి రాలేను. మీ అందరికీ బాధగా ఉండును."

"చెప్పలేనంత సార్," అన్నాను.

ఆయన సామాను లారీలో పంపించేశాం. లడ్డూలు మేమే తిన్నాం. కాటయ్య రోజూ కట్ట మీదే ఉంటున్నాడు, పొద్దున్నే వచ్చి తల ఎత్తి హాజరు వేసిపోతాడు. మా ఆఫీసులో టైముకు వచ్చేది ఆయనొక్కడే. అమ్మా ఆయనా గట్టు మీద కూర్చుని పాత ముచ్చట్లు చెప్పుకుంటారని రాయమల్లు అంటాడు. నాట్లప్పుడు కేక మాత్రం మారింది. "త్రివిక్రమరావు సారు వచ్చిండా?" అంటాడు లష్కరు. "రాలే! ఇంకా రాలే!" అని మా బజారు గొంతు అందరికంటే గట్టిగా వినబడుతుంది.

ఒక్కటే చిక్కు. ఆయనకు మా మీద ప్రేమ పోలేదు. ఏడాదికోసారి బాచవరం చూసి పోతానంటారు. అన్నప్పుడల్లా మేము మరో పొగడ్త రాసి పంపుతాం, పైవాళ్లు ఆయనను మరో మెట్టు ఎక్కిస్తారు, ఊపిరాడని పనిలో పడి ప్రయాణం మానుకుంటారు. అట్లా ఎక్కుతూ ఎక్కుతూ మొన్న శాఖ మొత్తానికి అధిపతి అయ్యారు. మేమూ లడ్డూలు పంచుకున్నాం.

కుర్చీలో కూర్చోగానే ఆయన పెట్టిన మొదటి సంతకం మాకూ అందింది. రాష్ట్రంలోని చెరువులన్నింటికీ బాచవరం నమూనా వర్తింపజేయవలెనట. పట్టీలలో 'రాలేదు' అని ఉన్న ఏ పాత పేరూ మిగలరాదట. డప్పు వేయించి పిలిపించవలెనట.

నిన్న మధ్యాహ్నం ఎవరో ఫోను చేశారు. కుర్ర గొంతు. పోలసముద్రం ఆఫీసులో గుమాస్తా, పేరు సారంగపాణి అని చెప్పుకున్నాడు. "అన్నా, మా చెరువుకు సుత ఒక నీరటాయన ఉన్నడు. పాతకాలపోడు. పొద్దుగాల డప్పు కొట్టిచ్చినం. ఇప్పుడు మా వరండాల నిలవడ్డడు. తల చేతుల వట్టుకున్నడు. ఏం జెయ్యాలె అన్నా?"

నేను కంగారు పడలేదు. మందు తెలిసిన రోగమే కదా. "భయపడకు తమ్ముడూ. అమ్మ వచ్చినంక మీ డి.ఈ. సారుతోని, నేనొచ్చేదాక ఆగుమని ఒక్క మాట అనిపియ్యి. అనిపిచ్చి హెడ్డాఫీసుకు తోలియ్యి. తర్వాతి సంగతి నేను చెప్త. ఇంతకు మీ సారు ఎసొంటోడు?"

"దేవుడసొంటోడన్నా," అన్నాడు సారంగపాణి. "పొగిడితె ముడుచుకపోతడు. ప్రమోషనిస్తమంటె గూడ వద్దన్నడు. అన్న మాట తప్పడు. వస్తనంటె చెప్పిన పొద్దుకు వచ్చుడే."

అట్లాంటివాణ్ని పొగిడి ఆపలేం, వచ్చి తీరతాడు. అవతల వరండాలో నీళ్ల చప్పుడు వినబడుతోంది.

"మీ ఇల్లేడుంది తమ్ముడూ?" అని అడిగాను.

"కట్ట కిందనే అన్నా."

"పిల్లలను తీస్కోని గుట్ట ఎక్కు," అన్నాను.